పదింటికి తగ్గే నొప్పి

పెళ్లయి తాడేపల్లిగూడెం వచ్చిన మూడో వారానికే మా అత్తగారు నాకు బద్ధకస్తురాలని పేరు పెట్టేశారు. అది ఆవిడ తప్పు కాదని చాలాకాలం అనుకున్నాను. చూసేవాళ్లకి అలాగే కనబడేదాన్ని మరి. ఐదింటికే మెలకువ వచ్చేది, కానీ లేవలేకపోయేదాన్ని. నడుము కింద రెండు పక్కలా ఎవరో సిమెంటు పోసి, గట్టిపడేదాకా కాపలా ఉన్నట్టుండేది. ముందు పక్కకి దొర్లాలి. మోచెయ్యి ఆనించి లేవాలి. కాళ్లు మంచం దిగువకి జార్చాలి. అప్పుడు గోడ పట్టుకుని నిలబడాలి. ఇదంతా అయ్యేసరికి అరగంట పట్టేది. వంగలేక, నిలబడే ముఖాన నీళ్లు కొట్టుకునేదాన్ని. కదులుతూ ఉంటే మెల్లిగా సడలేది. గణపవరం వైపు పల్లెలో నా స్కూలు. బస్సు దిగి, ప్రార్థన చేయించి, రెండో పీరియడ్‌కి సుద్దముక్క పట్టుకునేసరికి మామూలు మనిషినైపోయేదాన్ని.

అదే నా కొంప ముంచింది.

“పొద్దున పనివేళప్పుడే నొప్పులండీ మా కోడలికి. పదింటికల్లా బాగానే ఉంటుంది,” అనేవారు మా అత్తగారు, ఇంటికొచ్చిన వాళ్లతో. నవ్వుతూనే అనేవారు. మా ఇళ్లల్లో గొంతు పెంచి తిట్టుకోవడం లేదు. ఏం అన్నా చివర అండీ చేర్చి, కాఫీ ఇస్తూ అంటారు.

ఆవిడ ముప్పై ఏళ్లు ఒక ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారు. అందుకని ఆవిడ మాటకి ఇంట్లో తిరుగులేదు. ఓసారి నన్ను కూర్చోబెట్టి నెమ్మదిగానే అడిగారు.

“ఎంతమందిని చూశానమ్మా నేను! నిజంగా నడుం నొప్పి ఉన్నవాళ్లకి పడుకుంటే తగ్గుద్ది, పని చేస్తే ఎక్కువవుద్ది. నీకేంటమ్మా, తిరగేసి ఉంది?”

పడుకుంటే పెరిగి, తిరిగితే తగ్గడమే నా జబ్బుకి గుర్తని పద్నాలుగేళ్ల తర్వాత గాని నాకు తెలియలేదు. ముప్పై ఏళ్ల అనుభవంతో ఆవిడ సరైన ప్రశ్నే అడిగారు. జవాబు మాత్రం నా స్వభావంలో వెతుక్కున్నారు.

మా అమ్మాయి ఆపరేషన్‌తో పుట్టింది. ఆ తర్వాత నా నడుముకి ఊళ్లో అందరికీ ఒప్పుదలైన కారణం దొరికింది. “వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చారు కదండీ, ఇంక అది జన్మంతా ఉంటుంది,” అని ప్రతి ఆడమనిషీ చెప్పేది. ఏలూరులో ఎముకల డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూసి, డిస్క్ కొంచెం అరిగిందన్నారు. బెల్టు రాసి, నెల రోజులు బెడ్ రెస్టు అన్నారు. నెల పడుకున్నాను. ఆ నెలాఖరుకి బాత్రూముకి వెళ్లడానికి మా ఆయన రెండు చేతులూ పట్టుకోవాల్సి వచ్చింది. ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో పని ఆయనకి. మంచివాడే. ఎవరేం చెబితే దానికి తల ఊపేవాడు. “డాక్టరు గారు రెస్టు చాలలేదంటున్నారు కదా, ఇంకో నెల పడుకో,” అన్నాడు. మా అత్తగారు మాత్రం పిల్లకి నీళ్లు పోస్తూ, “పడుకునే అలవాటైతే ఇంతేనండీ,” అన్నారు, ఎవరితోనో అన్నట్టు.

రాత్రి నేను దొర్లలేక మూలగడం వల్ల ఆయనకి నిద్ర ఉండేది కాదు. అలా పక్క గదిలో పడుకోవడం మొదలుపెట్టాడు. మళ్లీ ఇవతల గదికి రాలేదు. దాని గురించి మేమిద్దరం ఒక్కసారైనా మాట్లాడుకోలేదు.

మా నాన్న సంగతి ఇక్కడ చెప్పాలి.

మాది కొల్లేటి లంకల్లో ఊరు. నాన్న చేపల చెరువుల మీద కూలికి వెళ్లేవాడు, ఆదివారం మందిరంలో సంఘపెద్ద. నాకు ఊహ తెలిసేసరికే ఆయన వీపు వంగడం మొదలైంది. యాభై దాటేసరికి గడ్డం రొమ్ముకి దగ్గరైపోయింది. ఎదుటి మనిషి ముఖం చూడాలంటే మోకాళ్లు వంచి, ఒళ్లంతా వెనక్కి వాల్చి చూసేవాడు. వెల్లకిలా పడుకున్నా తల మంచానికి ఆనేది కాదు. కింద రెండు దిళ్లూ ఒక మడత దుప్పటీ పెట్టాలి. వీధిలో పిల్లలు ఆయన వెనకాల వంగి నడిచేవాళ్లు. పెద్దవాళ్లు బరువులు మోసి అలా అయ్యాడనేవాళ్లు. ఆయనతో పాటు అవే బరువులు మోసినవాళ్లు నిటారుగా నడుస్తున్నారన్న సంగతి ఎవరికీ తోచలేదు. మా పాస్టరు గారు ఒకసారి ప్రసంగంలో, “దేవుని ఎదుట ఎప్పుడూ తల వంచి ఉండే మనిషి మన మధ్య ఉన్నాడు,” అని నాన్నని చూపించారు. అందరూ ఆమెన్ అన్నారు. నాన్న నేలని చూస్తూ నవ్వాడు. ఆయనకి వేరే ఏమీ కనబడదు కదా.

ఒక వర్షాకాలం నేను ఊరెళ్లినప్పుడు, నాన్న గుమ్మం మెట్టు మీద జారి పడ్డాడు. పెద్దగా పడలేదు. కూలబడి, తల గోడకి తగిలింది. నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చేసరికి, “కాళ్లు తెలియట్లేదమ్మా,” అన్నాడు. ఇరుగుపొరుగు వచ్చి చాప మీద చదునుగా పడుకోబెట్టారు. దెబ్బ తగిలినవాళ్లకి తల కింద ఏమీ ఉండకూడదని ఎవరో అన్నారు. గాలిలో నిలిచిపోయిన ఆయన తలని చాపకి ఆనించడానికి నేనే రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా నొక్కాను. తిన్నగా ఉంటే ఊపిరి బాగా ఆడుతుందనుకున్నాను.

ఏలూరు ఆసుపత్రిలో మూడు రోజులుండి పోయాడు. ఇంత చిన్న దెబ్బకా అని అందరూ ఆశ్చర్యపోయారు. టైమొచ్చిందన్నారు.

ఇది జరిగిన రెండేళ్లకి నా ఎడమ కన్ను ఎర్రబడింది. వెలుతురు చూడలేకపోయాను. కళ్లకలక అనుకుని మా హెడ్మాస్టరు గారు, పిల్లలకి అంటుకుంటుందండీ, ఇంటికెళ్లిపోండి అన్నారు. మందుల షాపులో చుక్కలు కొని వేసుకున్నాను. ఆ ఏడాది అలా మూడుసార్లు వచ్చింది. మూడోసారి చూపు మసకబారితే ఏలూరులో కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. చిన్నావిడ, నాకంటే పదేళ్లు తక్కువుంటాయి. చుక్కలు వేసి, మిషన్లో గడ్డం పెట్టించి చాలాసేపు చూసింది. తర్వాత కుర్చీ వెనక్కి జరిపి, కంటికి సంబంధం లేని మాట అడిగింది.

“మీకు నడుం నొప్పి ఉందా అండీ?”

“ఉందండీ.”

“పొద్దున పూట ఎక్కువుంటుందా? తిరుగుతుంటే తగ్గుతుందా?”

ఆవిడ నా కంట్లో నీళ్లు చూసి, చుక్కలు మండుతున్నాయా అని అడిగింది. మండుతున్నాయన్నాను. నడుము కోసం వెళ్లిన ప్రతిచోటా నేను ఈ మాట చెప్పడానికి నోరు తెరవడం, వాళ్లు ఎక్స్‌రే వైపు తిరగడం జరిగింది. అడగమని ఎవరూ చెప్పని మనిషి ఒక్క నిమిషంలో అడిగేసింది.

ఆవిడ రాసిచ్చిన చీటీ పట్టుకుని విజయవాడలో కీళ్లవాతం డాక్టరు దగ్గరికి వెళ్లాం. రక్తపరీక్ష, ఎమ్మారై అయ్యాక ఆయన జబ్బు పేరు చెప్పారు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నెముక కీళ్లల్లో వాపు వచ్చి, మెల్లిగా ఎముకకి ఎముక అతుక్కుపోతుందని చెప్పారు. కన్ను ఎర్రబడడమూ దానివల్లేనన్నారు. మొదట్లో పట్టుకుంటే చాలావరకు ఆపొచ్చట. “ఇది మగవాళ్ల జబ్బని ఒక నమ్మకం ఉండేదండీ. అందుకని ఆడవాళ్లని ఆలస్యంగా గుర్తుపడతాం,” అన్నారు. గుర్తుపడతాం అనేటప్పుడు ఆయన తనని కూడా కలుపుకోవడం నాకు నచ్చింది. అప్పటికి అంతకంటే నచ్చేది ఏమీ లేదు.

“మీ ఇంట్లో ఎవరికైనా నడుం వంగిపోయిందా?” అని అడిగారు.

ఫోన్లో నాన్న ఫొటో ఉంది. చూపించాను. ఆయన ఫొటోని పెద్దది చేసి చూసి, ఇంక ఏమీ అడగలేదు. నేనే అడిగాను, పడ్డప్పుడు తల తిన్నగా చెయ్యడం గురించి. మా ఆయన నా మోచెయ్యి గిల్లాడు, ఊరుకోమని. డాక్టరు గారు “అతుక్కుపోయిన మెడ చిన్న దెబ్బకే విరుగుతుందండీ. వాళ్లని ఉన్న వంపులోనే ఉంచి తీసుకురావాలి. మీకు తెలియదు కదా,” అన్నారు.

తెలియదు. తెలియదన్న మాట మీద నేను ఇప్పటికీ నిద్రపోలేను.

ఇంటికొచ్చి మా అత్తగారికి చెప్పాను. ఇన్నేళ్ల తర్వాత నా నొప్పికి పేరు దొరికింది కదా, ఒక్క మాట అంటారని ఎదురుచూశాను. ఆవిడ రిపోర్టులు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి, మడిచి కవర్లో పెట్టారు.

“అయితే మీ నాన్నగారి నుంచే వచ్చిందన్నమాట. సంబంధం మాట్లాడేటప్పుడు ఆయన కూలిపని వల్ల వంగిపోయారని చెప్పారు మాకు.”

బద్ధకస్తురాలిని కాస్తా మోసగత్తెనయ్యాను.

మందుల తర్వాత ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మూడో నెలలో ఒక పొద్దున మెలకువ వచ్చి, మంచం మీద లేచి కూర్చున్నాను. దొర్లలేదు, గోడ పట్టుకోలేదు. ఊరికే లేచి కూర్చున్నాను, అందరూ కూర్చున్నట్టు. సంతోషం వేయాలి కదా. నాకు ఒళ్లు మండిపోయింది. రోజూ లోకమంతా ఇంత తేలిగ్గా లేస్తోందా! ఇంత తేలిగ్గా లేచేవాళ్లా నన్ను అన్నది! అప్పటికే అతుక్కున్న కీళ్లు మళ్లీ విడిపడవని డాక్టరు ముందే చెప్పారు. నా మెడ ఎడమ వైపు సగమే తిరుగుతుంది. బోర్డు మీద పైవరసలో రాయలేను. వెనక బెంచీ వాడు పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తాను. పిల్లలు నాకు రోబో టీచరని పేరు పెట్టారు.

ఆసుపత్రిలో ఒకసారి చదువుకునే అమ్మాయి కాగితాలు పట్టుకొచ్చింది. ఈ జబ్బుతో మనుషులు ఎలా బతుకుతున్నారో తెలుసుకోవడానికట. ప్రతి పనికీ సున్నా నుంచి పది దాకా కష్టం చెప్పాలి.

“సాయం లేకుండా మేజోళ్లు వేసుకోగలరా అండీ?”

“మేజోళ్లు వేసుకోనమ్మా.”

“వేసుకుంటే?”

“ఈ ఎండల్లో ఎవరు వేసుకుంటారు?”

ఆ అమ్మాయి ఇబ్బందిగా చూసి, “పోనీ సున్నా వెయ్యనా అండీ?” అంది. వెయ్యమన్నాను. మందిరంలో కింద కూర్చోలేక ముసలమ్మల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటే ఎలా ఉంటుందో ఆ కాగితంలో లేదు. బంధువుల ఇంట్లో కింద కూర్చునే మరుగుదొడ్డి ఉంటే, ముందురోజు నుంచే అన్నం మానేయడం గురించి లేదు. మా ఆయన పడుకునే పక్క గది గురించీ లేదు. నా బతుకుకి మంచి మార్కులే వచ్చి ఉంటాయి.

ఈత మంచిదని డాక్టరు గారు ప్రతిసారీ చెబుతారు. కొల్లేట్లో పుట్టినదాన్ని, అరటి బోదె పట్టుకుని ఏడేళ్లకే ఈదాను. ఇప్పుడు ఊరి చుట్టూ నీళ్లే, అన్నీ గట్లు కట్టిన చెరువులే. వాటిలో చేపలకి తప్ప చోటు లేదు. ఒకచోట ఈతకొలను ఉందంటే వెళ్లి అడిగాను. “ఆడవాళ్లకి టైమింగ్సు లేవండీ,” అన్నారు, చాలా మర్యాదగా.

ఇంతవరకు ఎదుటివాళ్ల తప్పులే చెప్పాను. ఇక నాది చెబుతాను.

అప్పుడు మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు. చలికాలంలో మొదలుపెట్టింది, మడమలు నొప్పమ్మా అని. చెప్పులు మార్చమన్నాను. తర్వాత పొద్దున లేవడం మానేసింది. ఐదున్నరకి స్టడీ అవర్. కాలేజీ నుంచి రోజూ ఫోన్లు వచ్చేవి. నేను తలుపు దగ్గర నిలబడి కేకలేసేదాన్ని. ఫోను చూస్తూ పడుకుంటే ఇంతేనన్నాను. పరీక్షలంటే భయమన్నాను. అది ఒక రోజు ఏడుస్తూ, “నిజంగా లెగలేకపోతున్నానమ్మా,” అంది.

“పదింటికల్లా బాగానే ఉంటావుగా!” అన్నాను.

ఆ మాట ఎక్కడిదో నాకు తెలుసు. తెలిసీ వెనక్కి తీసుకోలేదు. బస్సుకి టైమైందని వెళ్లిపోయాను. ఆ రోజంతా మూడో తరగతికి ఎక్కాలు చెప్పిస్తూ, అది వేరే, ఇది వేరే అని నాకు నేను చెప్పుకున్నాను. నా జబ్బు నాతో ఆగిపోతుందని ఎవరూ నాకు మాటివ్వలేదు. నేనే ఇచ్చుకున్నాను.

ఇంకో రెండు నెలలు అలాగే గడిచాయి. ఒక ఆదివారం వంటింట్లో ఉంటే మా అత్తగారు చేతికర్ర పట్టుకుని వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. ఆవిడకి ఇప్పుడు డెబ్భై ఆరు.

“అమ్మాయ్, పిల్లని విజయవాడ తీసుకెళ్లు.”

“ఎందుకండీ?”

“నీలాగే లెగుస్తోంది.”

“నాలాగే అంటే?”

“ముందు పక్కకి దొర్లుద్ది. మోచెయ్యి ఆనిస్తది. కాళ్లు జారుస్తది. అప్పుడు గోడ పట్టుకుంటది. కుడి చేత్తోనే పట్టుకుంటది, నువ్వు పట్టుకున్నట్టే.”

వరస తప్పకుండా చెప్పారు. కుడి చెయ్యి సంగతి నాకే తెలియదు.

“అప్పుడు చూశారా మీరు?” అని అడిగాను.

“ఒకే ఇంట్లో ఉంటా చూడకుండా ఎలా ఉంటానమ్మా?”

“చూసి కూడా...”

ఆవిడ నా వైపు చూడలేదు. “పాలు పొంగుతున్నాయి, చూడు,” అన్నారు.

ఇన్నేళ్లూ ఆవిడకి కనబడలేదనుకునే నేను సర్దుకున్నాను. కనబడని మనిషిని క్షమించడం ఎంతో కొంత వీలవుతుంది. ఆవిడ ప్రతి పొద్దునా చూశారు, గుర్తు పెట్టుకున్నారు. అన్నీ చూసి కూడా బద్ధకమన్నారు. మరి నేను? ఆ నొప్పి లోపలి నుంచి తెలిసినదాన్ని, తలుపు దగ్గర నిలబడి నేనూ అదే మాట అన్నాను. మా ఇద్దరిలో ఎవరు ఎక్కువ చెడ్డవాళ్లో చెప్పమంటే, ఆ రోజు పొయ్యి ముందు నిలబడి నేను ఆవిడ పేరు చెప్పలేకపోయాను. పిల్లని తీసుకెళ్లమన్నది కూడా ఆవిడే కదా.

అదే జబ్బు. కాకపోతే తొందరగా దొరికింది, ఎముకలు ఇంకా పాడవలేదని డాక్టరు గారు సంతోషంగా చెప్పారు. విజయవాడ నుంచి వచ్చేటప్పుడు రైల్లో అది కిటికీ వైపు కూర్చుంది. తెల్ల కొంగలు చెరువు గట్ల మీద బారుగా ఉన్నాయి. అటే చూస్తూ అడిగింది.

“నీకు తెలిసి కూడా అలా అన్నావా అమ్మా?”

“నీకు రాకూడదనుకున్నాను.”

“అనుకుంటే రాకుండా ఉంటుందా?”

లేదన్నాను. మందులు దానికి బాగా పనిచేశాయి. ఇప్పుడు ఏలూరుకి రోజూ వెళ్లొచ్చి డిగ్రీ చదువుతోంది. పొద్దున్నే వరండాలో చాప వేసుకుని వ్యాయామాలు చేస్తుంది. మా అత్తగారు కుర్చీలో కూర్చుని దానికి అంకెలు లెక్కపెడతారు. వాళ్లిద్దరూ బాగానే నవ్వుకుంటారు. నేను వంటింట్లోంచి వింటాను. నాతో అది మర్యాదగా మాట్లాడుతుంది.

మొన్న రక్తపరీక్షలకి ఇద్దరం ఏలూరు బస్సెక్కాం. ఆడవాళ్లకి ఉచితం కావడంతో బస్సు కిటకిటలాడుతోంది. నాకు ఒక చోట, దానికి ముందు వరసలో ఒక చోట దొరికాయి. ఒక పెద్దాయన దాని పక్కన నిలబడి, “టికెట్టు కొన్నవాళ్లం నిలబడాలి. చిన్నపిల్ల, కాస్త లెగొచ్చు కదమ్మా,” అన్నాడు.

“నాకు వెన్ను జబ్బండీ. నిలబడలేను,” అంది మా అమ్మాయి. నెమ్మదిగా కాదు, అందరికీ వినబడేలా.

బస్సంతా దాని వైపు తిరిగింది. నాకు ముందు సిగ్గేసింది. పెళ్లి కావలసిన పిల్ల, ఇలా పదిమందిలో అరుస్తుందేమిటని, నిజంగా అదే అనుకున్నాను. నేను ఈ దారిలో ఇన్నేళ్లు బస్సెక్కాను. లేవమన్న ప్రతివాళ్లకీ లేచాను. నాకు జబ్బని ఒక్కసారైనా నోరు తెరిచి చెప్పలేదు.

“ఈ రోజుల్లో పిల్లలకి లేని జబ్బులేవండీ!” అని ఆ పెద్దాయన ఎవరితోనో అంటుంటే ఒకరిద్దరు నవ్వారు. నేను ఏదో అనబోయి ఊరుకున్నాను. వెనక సీట్లోంచి ఇంకొకావిడ లేచి ఆయనకి చోటిచ్చింది.

ఏలూరు బస్టాండులో దిగాక అది నా సంచీ తీసుకుని ముందు నడిచింది. రోడ్డు దాటేటప్పుడు, నా మెడ సరిగా తిరగదు కనక, బళ్లొస్తున్నాయేమో తనే రెండు వైపులా చూసి నా చెయ్యి పట్టుకుంది. అవతలి వైపుకి వెళ్లగానే వదిలేసింది.

“నువ్వెందుకు మాట్లాడలేదు?” అంది, నా ముఖం చూడకుండా.

అలవాటు లేదన్నాను. ల్యాబు తీసే వేళైందని తొందరగా నడవమంది.